కుందేలు చెవి నుంచి పీత నెత్తురు దాకా

ఒకప్పుడు సిరలోకి మందు ఎక్కిస్తే చాలామందికి ఒళ్లు వణికి జ్వరం వచ్చేది. క్రిముల్లేకుండా మరిగించిన నీళ్లు వాడినా అదే తంతు. 1920ల్లో యేల్ విశ్వవిద్యాలయంలో ఫ్లోరెన్స్ సీబర్ట్ ఈ గుట్టు విప్పారు. నీటిని స్వేదనం చేసేటప్పుడు ఆవిరితోపాటు ఎగిరే తుంపరలు బ్యాక్టీరియా అవశేషాలను అవతలి పాత్రలోకి మోసుకుపోతున్నాయి. క్రిమి చచ్చినా దాని పైపొరలోని విషం మాత్రం మరిగించినా లొంగదు. దాని పేరు ఎండోటాక్సిన్.

కంటికి కనిపించని ఆ విషాన్ని పట్టుకోవడానికి మనిషికి దొరికింది కుందేలు. 1942లో అమెరికా ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల గ్రంథం, కుందేలు పరీక్షను చేర్చుకుంది. మూడు కుందేళ్లను కదలకుండా బిగించి, చెవి సిరలోకి మందు ఎక్కించి, మలద్వారంలో ఉష్ణమాపకం ఉంచి మూడు గంటలు కాపు కాస్తారు. ఒంటి వేడి పెరిగితే ఆ మందు పనికిరాదన్నట్టే. ప్రపంచమంతటా దశాబ్దాల తరబడి ఇంజెక్షన్లు ఈ గండం గట్టెక్కాకే బయటికొచ్చాయి.

దారి మళ్లించింది మందుల కంపెనీ కాదు, సముద్రపు ఒడ్డున పనిచేస్తున్న ఒక వైద్యుడి కుతూహలం. అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఫ్రెడరిక్ బ్యాంగ్ గుర్రపుడెక్క పీతల జబ్బులను పరిశీలిస్తూ, బ్యాక్టీరియా సోకితే వాటి రక్తం పెరుగులా పేరుకుపోతోందని 1956లో రాశారు. ఆ తర్వాత జాక్ లెవిన్ ఆయనతో కలిశారు. ఎండోటాక్సిన్ లేశమాత్రం తగిలినా ఆ రక్తకణాల సారం గడ్డకడుతుందని ఇద్దరూ తేల్చారు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ సారంతో చేసే పరీక్షకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. మూడు కుందేళ్ల పని ఒక చిన్న గాజు గొట్టంలో గంటలో తేలిపోయింది.

కుందేలు చాలావరకు బతికింది. పీత చిక్కింది. రాగి కలిసిన ఆ నీలి నెత్తురు కోసం ఏటా లక్షల పీతలను పట్టి, కొంత రక్తం తోడి, తిరిగి సముద్రంలో వదులుతున్నారు. వాటిలో 15 నుంచి 30 శాతం దాకా చనిపోతున్నాయని అంచనాలున్నాయి. ఆర్కిటిక్ దాకా ఎగిరే రెడ్ నాట్ పక్షులకు డెలావేర్ తీరంలో ఈ పీతల గుడ్లే దారిబత్తెం. పీత తగ్గితే వాటికి ఆకలే.

ఈ చిక్కుముడిని సింగపూర్‌లో జీక్ లింగ్ డింగ్, బౌ హో దంపతులు విప్పారు. ఎండోటాక్సిన్‌ను మొదట పసిగట్టే ‘ఫ్యాక్టర్ సి’ ప్రొటీన్ జన్యువును వేరుచేసి, ప్రయోగశాల కణాల్లో దాన్ని తయారు చేయించారు. వారు ఎంచుకున్న పీత జాతి మన సుందర్బన్స్ మడ అడవుల్లోనూ ఉంది. 2003లోనే ఆ సరుకు మార్కెట్లోకి వచ్చింది. యూరప్ ఫార్మకోపియాలో దానికి సొంత అధ్యాయం అమల్లోకి రావడానికి 2021 దాకా, అమెరికా ఫార్మకోపియాలో 2025 దాకా పట్టింది. ఇన్నేళ్లు ఆగింది విజ్ఞానం కాదు, నియమాల పుస్తకం. ఆ జాప్యాన్ని పీతలు తమ నెత్తురుతో భరించాయి.

అయితే జ్వరం తెప్పించేది ఎండోటాక్సిన్ ఒక్కటే కాదు. అందుకే జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో థామస్ హార్టుంగ్, ఆల్బ్రెక్ట్ వెండెల్ 1995లో మనిషి రక్తాన్నే సాక్షిగా నిలబెట్టారు. జ్వరకారకం తగిలితే అందులోని మోనోసైట్ కణాలు విడుదల చేసే పదార్థాలను కొలవడమే ఆ పద్ధతి. 2010లో యూరప్ దాన్ని ఆమోదించింది. 2025 జులై నుంచి అక్కడి ఫార్మకోపియాలో కుందేలు పరీక్ష అవసరం లేదు.

2018 నాటి ఇండియన్ ఫార్మకోపియా కూడా చాలా మందులకు కుందేలు బదులు ఎండోటాక్సిన్ పరీక్షను సూచించింది. 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువులు లేని పద్ధతులకూ కేంద్రం చోటిచ్చింది. టీకాలకూ ఇంజెక్షన్లకూ పేరుపడ్డ హైదరాబాద్ పరిశ్రమకు ఇప్పుడు కాగితాల మీది ఆటంకం తగ్గింది. పీత నెత్తురు కూడా అక్కర్లేని పద్ధతికి మారే పని ఇక్కడి ప్రయోగశాలలే ముందుగా చేపట్టాలి.