బటన్‌కు పేరుందా? అంధులకు దారి చూపేదీ, సాఫ్ట్‌వేర్ లోపాన్ని పట్టిచ్చేదీ అదే

ధర్మసాగర్‌లో ఉంటున్న మీ నాన్న ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ కౌంటర్‌కు వెళ్లారనుకుందాం. మీ చెల్లెలి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రేపే ఆఖరు తేదీ. ఆపరేటర్ వివరాలన్నీ కంప్యూటర్‌లో నింపి 'సమర్పించు' బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. ముందురోజు రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జరిగింది, ఆ బటన్ పని చేయడం మానేసింది.

ఇప్పుడు ఇంకొకరిని ఊహించుకోండి. ఆయనకు చూపు లేదు. అదే ఫారాన్ని ఇంట్లో కూర్చుని సొంతంగా నింపాలనుకున్నారు. కంప్యూటర్‌లోని స్క్రీన్ రీడర్ ప్రతి అక్షరాన్నీ చదివి వినిపిస్తోంది. చివరికి వచ్చేసరికి 'బటన్' అని మాత్రమే అంది. అది ఏ బటనో చెప్పలేదు. ఇక ఆయన ఆధార్ నంబర్, ఓటీపీ మరొకరి చేతిలో పెట్టక తప్పదు.

రెండూ ఊహించిన ఉదాహరణలే. ఒకటి టెస్టింగ్ లోపం, మరొకటి దివ్యాంగుల సమస్య అనిపిస్తుంది. కానీ ఈ రెండింటికీ మందు చాలావరకు ఒకే చోట ఉంది. అదేమిటో చూద్దాం.

తెర వెనుక ఉండే మరో తెర

మీకు తెరపై కనిపించేవి రంగులు, గీతలు, అక్షరాలు. చూపు లేనివారికి అవి ఉపయోగపడవు. అందుకే విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటిలోనూ తెర వెనుక ఇంకో జాబితా నడుస్తుంటుంది. దాన్ని యాక్సెసిబిలిటీ ట్రీ అంటారు. ఏ విండోలో ఏ ఫారం ఉంది, అందులో ఏయే బాక్సులు, బటన్లు ఉన్నాయి అన్నది అందులో కొమ్మలు, రెమ్మలుగా ఉంటుంది.

ప్రతి అంశానికీ ముఖ్యంగా మూడు వివరాలుంటాయి. ఒకటి, అది ఏమిటి: బటనా, రాసే బాక్సా, టిక్ పెట్టే గడా? రెండు, దాని పేరు: 'దరఖాస్తుదారు పేరు', 'సమర్పించు' వంటివి. మూడు, దాని స్థితి: ఇప్పుడు నొక్కవచ్చా, టిక్ పెట్టి ఉందా?

విండోస్‌లో ఈ ఏర్పాటు 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీతో మొదలైంది. తర్వాత విస్టాతో పాటు యూఐ ఆటోమేషన్ వచ్చింది. లినక్స్‌లో ఇదే పని చేసేది ఏటీ-ఎస్‌పీఐ. 2006లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఈ జాబితా ఆధారంగానే తెరను చదువుతుంది. తెలుగూ చదువుతుంది. వెబ్‌సైట్లకైతే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లే ఈ జాబితాను తయారుచేసి అందిస్తాయి.

మరి టెస్టింగ్‌తో దీనికేం పని?

ఒక ఫారంలో మార్పు చేసిన ప్రతిసారీ దాన్ని మొదటి నుంచి చివరి దాకా నింపి చూడాలి. మనుషులే చేస్తే గంటలు పడుతుంది. అందుకే ఆ పనిని ప్రోగ్రాముకు అప్పగిస్తారు. అది రాత్రికి రాత్రే వందల ఫారాలు నింపి చూస్తుంది.

ప్రోగ్రాముకు బటన్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పాత పద్ధతిలో 'ఎడమ నుంచి 640, పై నుంచి 480 చుక్కల దగ్గర క్లిక్ చెయ్' అని రాసేవారు. తెర సైజు మారినా, ఇంగ్లిష్ నుంచి తెలుగుకు మార్చినా బటన్ పక్కకు జరుగుతుంది. క్లిక్ ఖాళీ చోట పడుతుంది. టెస్ట్ విఫలమైనట్లు చూపిస్తుంది, నిజానికి ఫారం బాగానే ఉంటుంది.

మెరుగైన పద్ధతి స్క్రీన్ రీడర్ నడిచే దారిలోనే వెళ్లడం. ప్రోగ్రాము యాక్సెసిబిలిటీ ట్రీని అడుగుతుంది: 'సమర్పించు అనే బటన్ ఎక్కడ? దాన్ని నొక్కు. రసీదు నంబర్ వచ్చిందా?' బటన్ తెరపై ఎక్కడున్నా ఫర్వాలేదు. విండోస్‌లో పైవిన్‌ఆటో, లినక్స్‌లో డాగ్‌టెయిల్, ఫోన్ యాప్‌లకు అప్పియం వంటి సాధనాలు ఇలా పని చేయగలవు.

ఇక్కడ భాష విషయంలో ఒక మెళకువ ఉంది. పేరు భాషతో పాటు మారుతుంది. అందుకే డెవలపర్లు ప్రతి బటన్‌కూ మారని గుర్తు ఒకటి ఇస్తారు. విండోస్‌లో దాని పేరు ఆటోమేషన్ ఐడీ. టెస్ట్ ఆ గుర్తుతో బటన్‌ను పట్టుకుని, దానికి తెలుగు పేరు ఉందో లేదో కూడా చూడగలదు. తెలుగు పేజీలో ఇంగ్లిష్ పేరే మిగిలిపోతే ఆ రాత్రే బయటపడుతుంది.

అంటే, పేరు లేని బటన్ దగ్గర అంధుడూ ఆగిపోతాడు, టెస్ట్ ప్రోగ్రామూ తడబడుతుంది. పేరు పెడితే ఇద్దరికీ దారి దొరుకుతుంది. మీ నాన్న కౌంటర్ దగ్గర నిలబడాల్సిన అవసరం తగ్గుతుంది.

అంతా ప్రోగ్రాముకే వదిలేయవచ్చా?

వదిలేయకూడదు. బటన్‌కు పేరు ఉందో లేదో ప్రోగ్రాము చెబుతుంది. ఆ పేరుకు అర్థం ఉందో లేదో చెప్పలేదు. 'బటన్ 7' అని పెట్టినా టెస్ట్ పాసవుతుంది, వినేవారికి మాత్రం ఏమీ తెలియదు. క్యాప్చా బొమ్మకు ప్రత్యామ్నాయంగా వినిపించే శబ్దం స్పష్టంగా ఉందా అన్నదీ మనిషే తేల్చాలి. అందుకే ఆ సేవను నిజంగా వాడే దివ్యాంగులతో పరీక్ష చేయించడం తప్పనిసరి అవసరం.

చట్టం ఏమంటోంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ సమాచార, సాంకేతిక సేవలు అందరికీ అందుబాటులో ఉండేలా చూడాలంటోంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల రూపాయల వరకు, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. వాటి మూడో రూపం 2023లో వెలువడింది.

2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఒక కీలక మాట చెప్పింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదు, తప్పనిసరి నిబంధనలు ఉండాలంది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న దివ్యాంగుల అధ్యయన కేంద్రమే.

2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు ఈ-కేవైసీలో పడుతున్న ఇబ్బందులపై వచ్చిన కేసు ఇది. సేవలకు క్రమం తప్పకుండా యాక్సెసిబిలిటీ ఆడిట్ జరగాలని, కొత్త యాప్‌లను పరీక్షించే దశలో అంధులను భాగం చేయవచ్చని కోర్టు సూచించింది.

మీరే పది నిమిషాల్లో చూసుకోండి

1. కంప్యూటర్‌లో మౌస్ పక్కన పెట్టండి. ట్యాబ్ కీతో ఫారం మొత్తం తిరిగి, ఎంటర్‌తో సమర్పించగలరేమో చూడండి.

2. విండోస్, కంట్రోల్, ఎంటర్ కీలు కలిపి నొక్కితే నరేటర్ మొదలవుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. కళ్లు మూసుకుని ప్రతి బాక్సు పేరూ వినండి.

3. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కుడికి స్వైప్ చేసి ముందుకు వెళ్లాలి, రెండుసార్లు తట్టి నొక్కాలి. ఎలా ఆపాలో తెలుసుకున్నాకే మొదలుపెట్టండి.

4. మీరు డెవలపర్ అయితే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే యాక్సెసిబిలిటీ ఇన్‌సైట్స్‌తో విండోస్ అప్లికేషన్‌లోని ట్రీని నేరుగా చూడవచ్చు.

లోపం కనిపిస్తే ఎక్కడ చెప్పాలి?

ముందు ఆ సేవ హెల్ప్‌లైన్‌కు రాయండి. 'సైట్ పని చేయట్లేదు' అంటే ఎవరికీ అర్థం కాదు. ఏ పేజీ, ఏ తేదీ, ఏ బటన్, ఏ బ్రౌజర్, స్క్రీన్ రీడర్ ఏమని చదివింది అన్నవి రాసి స్క్రీన్‌షాట్ జత చేయండి. కేంద్ర సేవలైతే సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ధర్మసాగర్ వాసులు హనుమకొండ కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. దివ్యాంగుల హక్కులకు భంగం కలిగితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించే వీలూ ఉంది.

ఒక్క జాగ్రత్త

తెర చదివి బటన్లు నొక్కగలిగే ఈ దారినే మోసగాళ్లూ వాడుకుంటున్నారు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు ఇన్‌స్టాల్ అయ్యాక 'యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వండి' అని అడిగితే ఇవ్వకండి. ఇస్తే మీ ఓటీపీ చదవగలదు, మీ బదులు డబ్బు పంపే బటనూ నొక్కగలదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

అలాగని ఆ సదుపాయాన్నే తప్పుబట్టకండి. దాని మీద ఆధారపడి సొంతంగా దరఖాస్తు పెట్టుకునేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. మీ ఆఫీసులో తయారయ్యే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బటన్‌కూ పేరుందేమో రేపు ఒకసారి అడిగి చూడండి.