వెడల్పాటి చక్రాల అమరిక

వెడల్పాటి చక్రాల అమరిక అనగా కారుకు తయారీదారు ఇచ్చిన చక్రాలను తీసివేసి, బయట దొరికే వెడల్పైన రిమ్ములను, టైర్లను బిగించడం. స్పోర్ట్స్ కూపేలకు, అంటే రెండు తలుపులు, వెనుకకు వాలిన కప్పు, తక్కువ ఎత్తు గల కార్లకు ఈ మార్పు ఎక్కువగా చేస్తారు. పొడి రోడ్డు మీద మలుపులలో పట్టు పెరగడం దీని ప్రధాన ప్రయోజనం. వాననీరు నిలిచిన రోడ్డు మీద మాత్రం వెడల్పు టైరు నీటిపై తేలి జారే అవకాశం ఎక్కువ.

ఈ మార్పులో ముఖ్యమైన చిక్కు ఒరిపిడి. టైరు లోపలివైపు షాక్ అబ్జార్బరుకు గాని, వెలుపలివైపు మడ్‌గార్డు అంచుకు గాని రాసుకుంటుంది. దీనిని కేవలం శబ్దంగా భావించి ఊరుకోరాదు. మడ్‌గార్డు రేకు అంచు టైరు ప్రక్కగోడను కోయగలదు. ప్రక్కగోడ తెగిన టైరు వేగంగా పోతున్నప్పుడు పగిలిపోవచ్చు.

ఆఫ్‌సెట్

ఎడ్లబండి చక్రాన్ని ఇరుసు కొనకు దూర్చి కడసీల వేస్తారు. కారు చక్రం అట్లా కాదు. దానిని హబ్ అనే బల్లపరుపు ముఖానికి ఆనించి బోల్టులతో బిగిస్తారు. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యగా ఒక గీత గీస్తే, ఆ గీత నుండి హబ్‌కు ఆనే ముఖం వరకు గల దూరమే ఆఫ్‌సెట్. దీనిని మిల్లీమీటర్లలో చెబుతారు. ఆనే ముఖం గీతకు వెలుపలివైపున ఉంటే ధన ఆఫ్‌సెట్, లోపలివైపున ఉంటే ఋణ ఆఫ్‌సెట్. ధన ఆఫ్‌సెట్ పెరిగినకొద్దీ చక్రం కారు లోపలికి, తగ్గినకొద్దీ వెలుపలికి జరుగుతుంది. వెడల్పు ఒక్కటే చూసి చక్రాలు కొనేవారు పొరబడేది ఇక్కడనే.

2012 నుండి 2021 వరకు తయారైన టయోటా 86 అనే జపాను కూపేను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని 17 అంగుళాల చక్రం వెడల్పు 7 అంగుళాలు (177.8 మి.మీ.), ఆఫ్‌సెట్ 48 మి.మీ. సగం వెడల్పు 88.9 మి.మీ. కనుక హబ్ ముఖం నుండి రిమ్ము లోపలికి 136.9 మి.మీ., వెలుపలికి 40.9 మి.మీ. ఉంటుంది. దీని స్థానంలో 9 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ గల రిమ్ము పెడితే ఈ కొలతలు 159.3, 69.3 అవుతాయి. అంటే చక్రం షాక్ అబ్జార్బరు వైపు 22.4 మి.మీ., మడ్‌గార్డు వైపు 28.4 మి.మీ. పెరిగింది. అదే 8 అంగుళాల వెడల్పు, 48 ఆఫ్‌సెట్ గల రిమ్ము అయితే రెండు వైపులా 12.7 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. కారు వద్ద కూర్చొని ఇరువైపులా ఉన్న ఖాళీని కొలిచి, ఈ అంకెలతో పోల్చి చూడాలి. టైరు ఉబ్బు రిమ్ము అంచును దాటి ఉంటుంది కనుక దానికి కూడా చోటు వదలాలి.

ఆఫ్‌సెట్ సరిపోయినా మిగిలినవి కలవాలి. టయోటా 86 హబ్‌కు 100 మి.మీ. వృత్తంపై 5 బోల్టులు, 56.1 మి.మీ. మధ్య రంధ్రం ఉంటాయి.

టైరు ఎంపిక

టైరు బయటి వ్యాసం మారితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, ఒరిపిడి కూడా పెరగవచ్చు. ఈ కారుకు వచ్చే 215/45 ఆర్ 17 టైరు వ్యాసం సుమారు 625 మి.మీ. దాని బదులు 245/40 ఆర్ 17 వేస్తే వ్యాసం సుమారు 628 మి.మీ.; తేడా అర శాతం లోపే. వెడల్పు మాత్రం 30 మి.మీ. పెరిగింది. కొత్త టైరు మోయగల బరువు పాతదానికంటే తక్కువ కారాదు.

పరీక్ష

కారు నిలిచి ఉన్నప్పుడు ఖాళీ కనబడితే చాలదు. ముందు చక్రాలను స్టీరింగుతో రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. స్ప్రింగు తీసి, జాకీతో చక్రాన్ని పూర్తిగా పైకి ఎత్తి చూడటం నమ్మకమైన పద్ధతి. అది వీలు కానివారు కారును నింపి చూడవచ్చు. మామిడి కాలంలో విస్సన్నపేట నుండి డిక్కీ నిండా కాయల బుట్టలతో, వెనుక సీటులో మనుషులతో వచ్చే కారు వెనుక భాగం దిగి ఉంటుంది. ఖాళీ కారుకు తగలని టైరు అప్పుడు స్పీడ్ బ్రేకరు మీద తగులుతుంది. మన ఊరి దారులకు ఇదే అసలైన పరీక్ష. మడ్‌గార్డు లోపలి అంచుకు పిల్లలు ఆడుకొనే రంగు మట్టిని అంటించి నడిపితే, అది ఎక్కడ నలిగిందో అక్కడ టైరు తగిలినట్లు తెలుస్తుంది.

ఒరిపిడి స్వల్పమైతే మడ్‌గార్డు లోపలి అంచును వేడిచేసి లోనికి మడుస్తారు. లేదా చక్రం పైభాగాన్ని కొద్దిగా లోపలికి వాల్చుతారు. ఇట్లా వాల్చడం మితిమీరితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. లోపలివైపు తగిలితే స్పేసర్ అనే బిళ్ళను హబ్‌కు, చక్రానికి మధ్య పెట్టి చక్రాన్ని వెలుపలికి జరుపుతారు. మందమైన స్పేసర్ వలన బోల్టుకు మరలు చాలినన్ని పట్టవు కనుక, సరైన ఆఫ్‌సెట్ గల రిమ్మును కొనడమే మేలు. ఆఫ్‌సెట్ బాగా తగ్గిస్తే హబ్ బేరింగులపై భారం పెరిగి, గతుకులలో స్టీరింగు లాగుతుంది.

చట్టం

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను వాహనాల మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన మూల లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చేసిన సవరణ ద్వారా చేరిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కావున అదే కారులోని పై శ్రేణికి తయారీదారు స్వయంగా ఇచ్చే చక్రాల కొలతను ముందుగా చూసుకొని, ఆ పరిధిలో ఉండటం క్షేమం.

కొత్త చక్రాలు బిగించిన తరువాత సుమారు 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగి, తయారీదారు చెప్పిన బిగువుకు నట్లను మరల సరిచూస్తారు. అప్పుడే టైరు ప్రక్కగోడలపై, మడ్‌గార్డు లోపల కొత్త గీతలు ఏవైనా పడినవేమో కూడా చూడాలి.