పడుగు, పేక, గణనయంత్రము

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము సంతలకు బోయివచ్చు మన పరిగివారికి మగ్గము క్రొత్తది కాదు. కంప్యూటరు మాత్రము క్రొత్తది. ఈ రెంటికిని గల చుట్టరికమును, ఒక్క లెక్కను పెక్కుచేతులకు బంచి యేకకాలమున జేయించు విద్య నేడు పసివాండ్రకు బొమ్మలచేత నెట్లు నేర్పబడుచున్నదో ఆ కథను విన్నవించెదను.

పట్టుమగ్గముపై పడుగుపోగులు వేలకొలది యుండును. నేతగాడు కాలితో ద్రొక్కగానే లేవవలసిన పోగులన్నియు నొక్కసారి లేచును. ఆ సందున నాడె దూరిపోవును. పన్నెతో నొక దెబ్బ, మరల ద్రొక్కుట. పడుగంతయు నేకకాలమున బనిచేయుచుండగా, పేక మాత్ర మొకదానివెనుక నొకటి రావలసినదే. ముందటి పేక బిగియక వెనుకటి పేక వేయరాదు. ఈ మాటను మనసున నుంచుకొనుడు. తక్కిన ప్రసంగమున నిది పలుమారులు వచ్చును.

ఏ పోగు లేవవలెను, ఏది యుండవలెను? ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున, చిత్రములు నేయు మగ్గముల కడ ఈ పని త్రాళ్ళు లాగు పిల్లవానిది. 1804లో జోసెఫ్ మరీ జాకార్డు అను నాతడు ఆ పిల్లవాని పనిని చిల్లులు పొడిచిన అట్టల కప్పగించెను. చిల్లున్నచోట సూది దూరును, కొక్కెము పోగు నెత్తును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు కదలదు. ఒక పేకకు ఒక అట్ట. ధర్మవరపు మగ్గములపై వ్రేలాడు అట్టలదండ ఈ వంశములోనిదే. గళ్ళకాగితముపై పువ్వో హంసయో గీచి, గడి చూచి చిల్లు పొడిచెదరు. అనగా, మనిషి బొమ్మ వ్రాయును, యంత్రము దానిని జదువును.

ఇంగ్లాండులో ఛార్లెసు బాబేజి యను గణితవేత్త ఈ అట్టలను జూచి, పోగుల నెత్తునవి అంకెల నేల యెత్తవు అని తలచెను. జాకార్డు ముఖచిత్రమును పట్టుతో నేసిన పట మొకటి యాతనియొద్ద నుండెడిది. దానిని నేయుటకు సుమారు 24,000 అట్టలు పట్టినవి. బాబేజి యంత్రమును గూర్చి మెనబ్రియా యను ఇటలీవాడు 1842లో నొక వ్యాసము వ్రాసెను. దానిని అడా లవ్‌లేసు అను విదుషి 1843లో తన వ్యాఖ్యలతో నింగ్లీషున బ్రకటించెను. ఒకే తీరు లెక్కలు వరుసగా నున్నప్పుడు ఈ యంత్ర మొక్కసారిగా బెక్కు ఫలితముల నీయగలదని మెనబ్రియా యప్పుడే సూచించెను. యంత్రము మాత్రము పూర్తి కాలేదు. వ్యాఖ్య మిగిలి మూలము నశించిన గ్రంథములు మనకును గలవు గదా!

వానకై యాకాశము జూచు మన సీమవారికి తరువాతి ఘట్టము రుచించును. లూయీ ఫ్రై రిచర్డుసను అను నింగ్లీషువాడు మొదటి ప్రపంచయుద్ధ కాలమున గాయపడినవారి బండి నడపుచు, తీరికవేళల నారుగంటల వాతావరణపు మార్పును చేతితో లెక్కించెను. దానికి సుమారు ఆరువారములు పట్టెను. పట్టియు ఫలితము తప్పెను. ఆయన నిరాశ చెందలేదు. 1922లో బ్రకటించిన గ్రంథమున నొక ఊహాశాలను వర్ణించెను: నాటకశాలవంటి గొప్ప భవనము, గోడలపై భూగోళచిత్రము, ఒక్కొక్క దేశభాగము నెదుట లెక్కలు వేయువారు, మొత్తము 64,000 మంది. నడుమ నెత్తైన పీఠముపై నొక నాయకుడు. ముందుకు బరుగెత్తు వారిపై నాతడు గులాబిరంగు వెలుగును, వెనుకబడినవారిపై నీలివెలుగును వేయును. ఎంతమంది యున్నను నడక కలియకున్న లెక్క చెడునని ఆయన యెరుగును.

తరువాత నమెరికాలో 1970లలో బనికి వచ్చిన ఇలియాక్ నాలుగవ యంత్రమున 64 గణనాంగములు. మనము కోరిన మహాగణనయంత్రమును అమెరికా యీయనందున 1988లో పుణెయందు సీడాక్ సంస్థ యేర్పడి, విజయ్ భట్కర్ నాయకత్వమున 1991లో పరమ్ 8000 అను యంత్రమును నిర్మించెను. అందును 64. చతుష్షష్టి కళలను వల్లించినవాడను గనుక ఈ సంఖ్య నాకు ముచ్చట గొల్పినది. అంతకుమించి దీనిలో రహస్యమేమియు లేదు.

ఇక చేతులు పెరిగినకొలది పని యంతగా తగ్గునా? తగ్గదు. అరువదినాలుగు సంఖ్యలను ఒక్క పిల్లవాడు కూడవలెనన్న 63 కూడికలు. ఎనమండుగురికి తలకెనిమిది చొప్పున బంచినచో నందరును ఏకకాలమున నేడు కూడికలు చేసెదరు. పిదప వచ్చిన ఎనిమిది మొత్తములను జతలుజతలుగా గలుపుటకు మూడు విడతలు. వెరసి పది. ముప్పదిరెండుగురిని బెట్టినచో మొదట నొక్క కూడిక, పిదప అయిదు విడతలు, వెరసి యారు. బాలురు నాలుగింతలైరి, కాలము సగమైనను తగ్గలేదు. పడుగు పెంచవచ్చును గాని పేక వరుస తప్పదు. వరుసగా జేయక తప్పని భాగమే వేగమునకు హద్దు అని జీన్ ఆండాల్ అను శాస్త్రజ్ఞుడు 1967లో వాదించెను. పలకలతో వీధియరుగుమీద దీనిని నేర్పవచ్చును, నేను నేర్పితిని.

2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థవారు పిల్లలకై స్క్రాచ్ అను నొక సాధనమును లోకమునకు విడిచిరి. దానిలో నాజ్ఞలు వ్రాయనక్కరలేదు. రంగురంగుల దిమ్మెలను ఒకదాని క్రింద నొకటి యమర్చవలెను. పచ్చజెండాను దాకగానే దానికి గట్టిన దండలన్నియు నొక్కసారి కదలును: పిల్లి నడచును, చిలుక యెగురును. ఒకటి కబురంపును, వేరొకటి దానికై వేచియుండును. ఇందొక సూక్ష్మము గలదు. లోపల నిజముగా అన్నియు నేకకాలమున నడుచుట లేదు. యంత్రము తలకొక చిటికె చొప్పున వంతు వేయును. ఇది యష్టావధానము. అవధాని బుద్ధి యొక్కటే, పృచ్ఛకు లెనమండుగురు. తిరుపతి వేంకట కవులిద్దరును చెరియొక సభలో నవధానము చేసిరేని, అప్పుడది నిజమైన ఏకకాల గణనము.

మరియొక చిక్కు: ఒకని చేత చేంతాడు, ఒకని చేత బొక్కెన, నీది ముందిమ్మని యిద్దరును బట్టుపట్టిరేని బావినిండ నీరున్నను ఇద్దరికిని దాహమే. యంత్రములును ఇట్లే బిగిసి నిలిచిపోవును. పిల్లలు దీనిని దిమ్మెలలో గన్నులార జూచి నవ్వుదురు. పెద్దల కది పుస్తకమున జదివినను తలకెక్కదు.

నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఉద్యోగకాలమున నొకయూర నేతవారి బాలుడు నా తరగతిలో నుండెను. ఎక్కము లప్పగింపలేడు. ఒకనాడు పలకపై గడులు గీచి కొన్నిటిని నింపుచుండగా, లెక్క మాని బొమ్మలా యని పలక లాగుకొంటిని. మగ్గము బడికి శత్రువని నా నమ్మకము. వాడు మరుసటేడు బడి మానెను.

మొన్న నాతని యింటికి బోతిని. ఏబదేండ్లవాడైనాడు. వాని మనుమరాలు తెరపై పిల్లిని, చిలుకను నడపించుచున్నది. పిల్లి వచ్చులోపలనే చిలుక లేచిపోవుచున్నది. ఆతడు నాడె నాపి చూచి, "అయ్యవారూ, ఇది మా అట్టలు కొట్టే పనే కదా?" అని, బాలికతో, "రెండుదండలూ ఒకేసారి విడిచినావు. మొదటిది కబురు చెప్పేదాకా రెండోది ఆగొద్దా, తల్లీ?" అనెను. ఆమె కబురుకై వేచియుండు దిమ్మె నొకదానిని చిలుకదండకు దలకట్టుగా నమర్చినది. చిలుక నిలిచినది. పిల్లి వచ్చినది. ఆతడు మరల నాడె యందుకొనెను.