ఇంటి ల్యాబ్‌లో ఇంటర్నెట్ ఫోన్: ఏర్పాటు, జాగ్రత్తలు

హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా మన ఇళ్లలో నెట్‌వర్కింగ్ చదివే పిల్లలు పాత కంప్యూటరు, రౌటరు పెట్టుకుని ఇంట్లోనే సాధన చేస్తుంటారు. ఆ సాధనలో ఎక్కువ నేర్పేది ఇంటర్నెట్ ఫోన్ ఏర్పాటు. ఫైలు ఒక సెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. మాట అర సెకను ఆలస్యమైతే ఇద్దరికీ తెలిసిపోతుంది.

ఆఫీసుల్లో పనిచేసినవారికి ఈ సంగతి కొత్త కాదు. టేబుల్‌కొక ఎక్స్‌టెన్షన్ నంబరు, వాటన్నిటినీ కలిపే ఈపీఏబీఎక్స్ పెట్టె మనం ఎరిగినవే. ఇక్కడ ఆ పెట్టె పనిని ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ 1999లో దీనికి శ్రీకారం చుట్టారు. డబ్బు కట్టనక్కరలేదు. లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్ గానీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు గానీ చాలు.

ముందుగా ఆ కంప్యూటరుకు ఎప్పుడూ మారని ఐపీ అడ్రసు ఉండేలా రౌటరులో కేటాయించాలి. తర్వాత ఆస్టరిస్క్‌లో 101, 102 అని రెండు ఎక్స్‌టెన్షన్లు రాయాలి. 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని పెట్టేవారున్నారు. అది తాళంచెవిని తలుపుకే వేలాడదీయడం. సెల్‌ఫోన్లలో లిన్‌ఫోన్ లేదా జోయిపర్ యాప్ వేసి, నంబరు, పాస్‌వర్డ్, కంప్యూటరు అడ్రసు ఇస్తే ఫోన్ నమోదవుతుంది. ఫోన్లు ఇంటి వైఫైలోనే ఉండాలి. గెస్ట్ వైఫైలో ఉంటే రౌటరు వాటిని కంప్యూటరు దాకా వెళ్లనివ్వకపోవచ్చు. ఒక హెచ్చరిక: చాన్‌సిప్ అనే పాత పద్ధతిని 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21 నుంచి తీసేశారు. పాత పాఠాలు చూసి చేస్తే పని జరగదు. పీజేసిప్ పద్ధతిలో రాసిన పాఠాన్నే అనుసరించండి.

అసలు గ్రహించవలసింది ఇది. గంట మోగడం వేరు, మాట వినిపించడం వేరు. ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, ఎత్తారా, పెట్టేశారా అన్న కబురు సిప్ అనే పద్ధతిలో, మామూలుగా 5060 పోర్టు మీద నడుస్తుంది. గొంతు ఆర్‌టీపీ అనే వేరే దారిన, వేరే పోర్టుల మీద వెళ్తుంది. ఆస్టరిస్క్ నమూనా ఫైలులో వాటికి 10000 నుంచి 20000 వరకు ఇస్తారు. అందుకే గంట మోగుతుంది, ఎత్తుతారు, ఒకరి మాట మాత్రం రెండోవారికి వినపడదు. ల్యాబును రెండు నెట్‌వర్కులుగా విడదీసి మధ్య ఫైర్‌వాల్ పెట్టినవారికి ఈ చిక్కు తరచు ఎదురవుతుంది. సిప్ దారి తెరిచి ఆర్‌టీపీ దారి మరచిపోవడమే చాలాసార్లు కారణం. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ మార్చడం వృథా ప్రయాస.

లెక్క కూడా చూద్దాం. జి.711 పద్ధతిలో సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోదానిలో 160 బైట్ల గొంతు, 40 బైట్ల చిరునామా వివరాలు. మొత్తం ఒక్కో వైపుకు 80 కిలోబిట్లు. ఇంటి వైఫైకి ఇది లెక్కలోది కాదు. మాట తెగుతుంటే వేగాన్ని కాక సిగ్నల్‌ను అనుమానించాలి.

ఆస్టరిస్క్ కంప్యూటరులోనే వైర్‌షార్క్ నడిపితే కాల్ ఎలా సాగిందో బొమ్మగా చూపిస్తుంది. అంతే కాదు, రికార్డయిన మాటను తిరిగి వినిపిస్తుంది కూడా. గుప్తీకరణ లేని ఇంటర్నెట్ ఫోనును మధ్యలో ఉన్నవారు వినగలరని పిల్లలకు చెప్పడం కంటే ఇలా వినిపించడం మేలు.

స్వాగతం మాట మన భాషలోనే పెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవారి గొంతుతో 'నమస్కారం, ఎవరితో మాట్లాడాలి?' అని రికార్డు చేసి, 8,000 హెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా మార్చి ఇస్తే ఆస్టరిస్క్ అదే వినిపిస్తుంది. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లలకు ఇది సరదా అయిన పని.

ఇక గట్టిగా చెప్పవలసినవి. రౌటరులో 5060 పోర్టును బయటి ఇంటర్నెట్‌కు తెరవవద్దు. పాస్‌వర్డులు ఊహిస్తూ తిరిగే యంత్రాలు త్వరలోనే వచ్చి తలుపు తడతాయి. సిమ్ కార్డులతో బయటి కాల్స్‌ను దీని ద్వారా మళ్లిస్తే కమీషన్ ఇస్తామని ఎవరైనా అంటే దగ్గరికి రానీయకండి. అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంటి లోపల గది నుంచి గదికి మాట్లాడుకోవడం మాత్రం సాధన కిందికే వస్తుంది.

ఈ ఫోన్ నుంచి 112 కలవదు. కరెంటు పోతే అసలే పనిచేయదు. ల్యాబులో విడిగా ఫోన్ యంత్రం పెట్టినట్లయితే, దాని మీద 'అత్యవసరానికి కాదు' అని పెద్ద అక్షరాలతో, ఇంట్లో ముసలివారు చదవగలిగిన లిపిలో, రాసి అతికించండి.