మూయని బోరుబావి: చట్టం ముందు బాధ్యులెవరు?

నీరు పడని బోరుబావులను పూడ్చకుండా వదిలేయడంతో పసిపిల్లలు వాటిలో పడిపోతున్న ఘటనలు దేశంలో పునరావృతమవుతున్నాయి. 2006లో హరియాణాలోని కురుక్షేత్ర జిల్లాలో ఇలా పడిన ఐదేళ్ల బాలుణ్ని సైన్యం సజీవంగా వెలికితీసింది. 2017 జూన్‌లో తెలంగాణలోని చేవెళ్ల మండలంలోనూ, 2019 అక్టోబరులో తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లాలోనూ పడిన చిన్నారులు మాత్రం ప్రాణాలతో దక్కలేదు.

ఈ ప్రమాదాల నివారణకు సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న మార్గదర్శకాలు జారీ చేసి, అదే ఏడాది ఆగస్టు 6న వాటిని సవరించింది. ఎవరేం చేయాలో అవి ముందుగానే నిర్దేశించాయి.

భూయజమాని: తవ్వకానికి కనీసం 15 రోజుల ముందు కలెక్టరు, సర్పంచ్ లేదా సంబంధిత శాఖ అధికారులకు లిఖితపూర్వకంగా తెలపాలి. బోరు చుట్టూ ముళ్లకంచె, కేసింగ్ పైపు చుట్టూ సిమెంటు దిమ్మె ఉండాలి. పైపు మూతిని ఉక్కు పలకతో వెల్డింగ్ చేయాలి లేదా గట్టి మూతను బోల్టులతో బిగించాలి. మోటారు మరమ్మతు సమయంలోనూ బోరును తెరిచి ఉంచరాదు. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి.

తవ్వకం సంస్థ: జిల్లా యంత్రాంగం వద్ద నమోదు తప్పనిసరి. తవ్వే చోట సంస్థ, యజమాని చిరునామాలతో బోర్డు పెట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కూడా రిగ్గుల నమోదును నిర్దేశించింది.

అధికారులు: పల్లెల్లో సర్పంచ్, వ్యవసాయ శాఖ అధికారి, పట్టణాల్లో భూగర్భ జల, ప్రజారోగ్య, పురపాలక విభాగాల ఇంజినీర్లు పర్యవేక్షించాలి. బోరును పూడ్చినట్లు ధ్రువపత్రం ఉండాలి. ఆకస్మిక తనిఖీలు జరపాలి. అమలును పరిశీలించే అధికారం కలెక్టరుదే.

నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. 2024 జులై 1కి ముందు అమలులో ఉన్న ఐపీసీ 304ఏ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే. బిడ్డ తీవ్ర గాయాలతో బయటపడితే 125 సెక్షన్ వర్తించవచ్చు. అయితే, నిందితుడి నిర్లక్ష్యమే ప్రమాదానికి ప్రత్యక్ష కారణమని నిరూపించాలి.

శిక్షతో నిమిత్తం లేకుండా తల్లిదండ్రులు యజమానిపై సివిల్ కోర్టులో పరిహార దావా వేయవచ్చు. ప్రభుత్వ యంత్రాంగం విధి మరచిందని భావిస్తే, జీవించే హక్కును కల్పించిన రాజ్యాంగ 21వ అధికరణ ఆధారంగా హైకోర్టును ఆశ్రయించవచ్చు.

తెరిచి ఉన్న బోరు కనిపిస్తే సర్పంచ్‌కు లేదా కలెక్టరు కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవడం మేలు. విషయం తమ దృష్టికి రాలేదని ఆ తర్వాత చెప్పే వీలుండదు.