చింపిన ముక్క వెనక నాలుగు శతాబ్దాలు

2000 ఏప్రిల్‌లో టీవీ టోక్యోలో మొదలైన ‘యు-గి-ఓ! డ్యూయల్ మాన్‌స్టర్స్’ తొలి ఎపిసోడ్‌లోనే ఒక ఘోరం జరుగుతుంది. ప్రపంచంలో నాలుగే ఉన్న నీలికళ్ల తెల్ల డ్రాగన్ పేకముక్కల్లో మూడు కైబా అనే ధనిక కుర్రాడి దగ్గరుంటాయి. నాలుగోది హీరో యుగి తాతగారిది. ఆయన్ని ఆటలో ఓడించి ఆ ముక్క చేజిక్కించుకున్న కైబా, అది రేపు తనమీదే తిరగబడకూడదని కళ్లముందే చింపేస్తాడు. ఆ దృశ్యం చూసిన అభిమాని గుండె కలుక్కుమంటుంది. ముక్కలమ్మే కంపెనీ పిల్లల్లో పనిగట్టుకుని పుట్టించిన వెర్రి ఇదని చాలామంది పెద్దలు తేల్చేస్తారు. ఈ మాట చరిత్రకు నిలవదు. బొమ్మను, కవితను, కథను పేకముక్కతో ముడివేయడం జపాన్‌లో నాలుగు వందల ఏళ్లుగా సాగుతున్న పని. ఆ ముక్క కోసం ఊపిరి బిగబట్టే ప్రేక్షకులు కూడా టీవీ రాకముందే అక్కడ తయారయ్యారు.

పోర్చుగీసు వర్తకులు 1543లో తానెగషిమా దీవిలో దిగారు. తుపాకీతోపాటు జపాన్‌కు వాళ్లు పరిచయం చేసినవాటిలో పేక ఒకటి. 1573–1592 నాటి తెన్షో కాలం వచ్చేసరికి, క్యూషూలోని మిఇకెలో స్థానిక పనివాళ్లే 48 ముక్కల కట్టలు తయారుచేస్తున్నారు. కత్తులు, గదలు, పాత్రలు, నాణేలు అనే నాలుగు రంగులూ పోర్చుగీసువే. ఒక్కో రంగు ఆసు మీద డ్రాగన్ ఉండటం కూడా వాళ్ల ఆనవాయితీయే. తర్వాత పుట్టిన 75 ముక్కల ‘ఉన్సున్ కరుతా’ రంగులను అయిదు చేసి, ఆ డ్రాగన్‌ను మాత్రం వదల్లేదు. కుమామొతో ప్రాంతంలోని హితొయొషిలో ఈ ఆట నేటికీ ఆడుతున్నారు. అంటే జపాన్ పేక మీద డ్రాగన్ కైబా కాలంలో పుట్టింది కాదు, తొలి కట్టల నుంచీ ఉంది. పందెం కూడా ఆ కట్టల వెంటే వచ్చింది. 1597 నాటికే తోసా ప్రభువు చోసొకాబె మోతొచికా శాసనం పేక జూదాన్ని నిషేధించింది. తర్వాత రెండున్నర శతాబ్దాలకు పైగా సాగిన ఎడో పాలనలో నిషేధాలు మళ్లీమళ్లీ వచ్చాయి.

ఆ నిషేధాల ఫలితం విచిత్రంగా ఉంది. ముక్క మీది రంగుల గుర్తులు పోయి పూలు వచ్చాయి. హనాఫుదా కట్టలో 12 నెలలు, నెలకు నాలుగు చొప్పున 48 ముక్కలు. జనవరికి పైన్ చెట్టుతో కొంగ, ఫిబ్రవరికి ప్లమ్ పూలకొమ్మ మీద పిట్ట, మార్చికి చెర్రీ పూలు, ఆగస్టుకు రెల్లుగడ్డి మీద పున్నమి చంద్రుడు. అంకె ఒక్కటీ కనబడదు. ఏ ముక్క విలువెంతో తెలియాలంటే ఋతువులూ వాటితో జతకట్టిన పూలూ పక్షులూ తెలిసుండాలి. ఆ జతలు చాలావరకు పాత జపనీ కవిత్వంలో స్థిరపడినవే. అలా జూదగాడి చేతిలోని ముక్క కూడా బొమ్మగా, అర్థమున్న వస్తువుగా మారింది. 1880ల్లో ఈ కట్టల అమ్మకానికి అనుమతి దొరికాక, 1889 సెప్టెంబరులో క్యోతోలో యమవుచి ఫుసాజిరో చేత్తో తయారుచేసిన హనాఫుదా అమ్ముతూ ఒక దుకాణం తెరిచాడు. అదే నింటెండో. 1902లో ప్రభుత్వం పేకలపై పన్ను వేసింది. పేర్లు, రేట్లు మారినా అది 1989 దాకా నడిచింది. నిషేధించలేనిదాన్ని పన్ను కట్టించుకుని ఊరుకోవడం ఏ ప్రభుత్వానికైనా అలవాటే.

దీనికి పక్కనే జూదంతో సంబంధం లేని మరో పాయ పారింది. 13వ శతాబ్దిలో ఫుజివారా తేయికా కూర్చాడని చెప్పే నూరుగురు కవుల నూరు కవితలు ఎడో కాలంలో ముక్కలకెక్కాయి. చదివేవాడు కవిత అందుకుంటే, దాని చివరి పాదాలున్న ముక్కను ఎవరు ముందు తాకితే అది వాళ్లది. 1904లో కురోయివా రుయికో అనే పత్రికాధిపతి టోక్యోలో దీనికి పోటీ పెట్టాడు. ‘యొరోజు చోహో’ పత్రిక నడిపినవాడు, అపరాధ పరిశోధన కథలను సీరియల్‌గా అందించి పాఠకులను కట్టిపడేసినవాడు ఆయన. నియమాలను స్థిరపరచి, అందరికీ ఒకే తీరు ముక్కలు ఉండాలని అచ్చువేయించాడు. నేటి పద్ధతిలో ఆటగాళ్ల ముందు చెరి 25 ముక్కలుంటాయి. మిగతా 50 కవితలూ చదువుతారు గానీ వాటి ముక్కలు నేలమీద ఉండవు. పొరపాటున చెయ్యి వేస్తే దండగ. నూటిలో ఏడు కవితలను మొదటి అక్షరం వినగానే పోల్చుకోవచ్చు, ఎందుకంటే ఆ అక్షరంతో మొదలయ్యేది మరొకటి లేదు. చదివేవాడి నోట ఆ అక్షరం వెలువడే ముందు గది అంతా నిశ్శబ్దమవుతుంది. ఓట్సులోని ఓమి గుడిలో ఏటా జనవరిలో జరిగే మేటి పోటీల్లో చూసేవాళ్లు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. యుగి కట్టమీద చెయ్యి పెట్టి ముక్క ఎత్తేటప్పుడు అభిమాని ఊపిరి బిగబట్టేదీ ఇలాంటి క్షణంలోనే.

ఇక ఆధునిక ఘట్టం. 1971లో కాల్బీ కంపెనీ ‘కామెన్ రైడర్’ చిరుతిండి పొట్లంతో ముక్కలిస్తే, పిల్లలు ముక్కలు తీసుకుని తిండి పారేయడం దేశమంతా చర్చ అయింది. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ తెచ్చిన ‘మ్యాజిక్’ ఆట ఎవరి కట్టను వాళ్లే కూర్చుకునే పద్ధతి నేర్పింది. 1996లో తకహషి కజుకి ‘షోనెన్ జంప్’ వారపత్రికలో ‘యు-గి-ఓ!’ మొదలుపెట్టినప్పుడు అది రకరకాల ఆటల కథ. పేకాట వాటిలో ఒకటి మాత్రమే. ఆ ఘట్టానికి పాఠకుల నుంచి వచ్చిన స్పందన చూసి రచయిత దాన్నే కథకు వెన్నెముక చేశాడు. దుకాణాల్లోకి ముక్కలు ఆ తర్వాతే వచ్చాయి: 1998లో బందాయ్‌వి, 1999 ఫిబ్రవరిలో కొనామివి. పాఠకుడి ఆసక్తి ముందు, సరుకు వెనక.

అయినా 2000 నాటి ఆ 224 ఎపిసోడ్ల సీరియల్ ముక్కల ప్రకటనే కదా అని అడగవచ్చు. అమ్మకాలకు అది తోడ్పడిందన్నది కాదనలేని నిజం. 2011 మార్చి నాటికి కొనామి 2,500 కోట్లకు పైగా ముక్కలు అమ్మిందని గిన్నిస్ నమోదు చేసింది. కానీ ప్రకటన వేరు, ప్రకటన మాత్రమే కావడం వేరు. కురోయివా పోటీలతో ఆయన పత్రికకూ పేరు వచ్చే ఉంటుంది. అంతమాత్రాన ఆ పోటీ బూటకం కాలేదు, నూరేళ్లు దాటినా నిలిచింది. పైగా ప్రకటనను నమ్మేవాడు నియమాలు పరీక్షించడు. ఈ సీరియల్ అభిమాని పరీక్షిస్తాడు. తొలి ఎపిసోడ్లలో నియమాలు కథ అవసరం కొద్దీ వంగుతాయి, ‘ఈ ఎత్తు చెల్లదు’ అని అభిమానే పట్టుకుంటాడు. బ్యాటిల్ సిటీ ఘట్టానికి వచ్చేసరికి, బలమైన రాక్షసుణ్ని దించాలంటే బల్లమీదున్న వాటిని బలివ్వాలన్న అసలు ఆట నియమం తెరమీదా అమలైంది. తెలిసిన ప్రేక్షకుడుంటే కథకుడు జాగ్రత్తపడక తప్పదు.

దీనికన్నా బరువైన అభ్యంతరం పొట్లంలో ఏముందో తెలియకుండా డబ్బు పెట్టించడం. అది జూదపు వాసన ఉన్న పనే, సమర్థించను. 1999 ఆగస్టులో టోక్యో డోమ్‌లో ‘యు-గి-ఓ!’ ప్రత్యేక ముక్కల కోసం వచ్చిన పిల్లలు, తల్లిదండ్రుల రద్దీ అదుపు తప్పి అమ్మకమే ఆపేయాల్సి వచ్చింది. 2012లో మొబైల్ ఆటల్లో వరుస ముక్కలన్నీ పోగుచేస్తేనే బహుమతి ఇచ్చే పద్ధతి చట్టవిరుద్ధమని జపాన్ వినియోగదారుల సంస్థ తేల్చింది. ఇలాంటి కట్టడి కావాలి. అయితే ఈ తప్పు అమ్మే పద్ధతిది, ముక్కకూ కథకూ ఉన్న బంధానిది కాదు. ఎడో పాలకుల నిషేధాల గురీ పందెమే. వాళ్ల నిషేధం కిందే పూల బొమ్మలు విచ్చుకున్నాయి.

తెలుగు నేలకూ ఇందులో పాఠం ఉంది. నిర్మల్ కళాకారులు ఒకప్పుడు గంజీఫా ముక్కలు చిత్రించేవారు. గుండ్రటి ముక్కలు, దశావతారాల కట్టలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120. బొమ్మకు కొదవలేదు, కథకు అసలే లేదు. చవకైన అచ్చు పేకలు వచ్చాక ఆ ఆట మరుగున పడింది. దాన్ని పోటీగా మలిచిన పత్రికాధిపతి గానీ, వారంవారం కథలోకి లాగిన రచయిత గానీ దానికి దొరకలేదు. జపాన్‌లో రెండూ జరిగాయి. కాబట్టి ఇంట్లో పిల్లవాడు ఓ పేకముక్క చినిగిందని తెరముందు కంటతడి పెడితే వెర్రి అని కొట్టిపారేయకండి. పొట్లాలకు పెట్టే డబ్బు మీద కన్నేసి ఉంచండి, ఆ ముక్క కథ మాత్రం వాణ్నే అడిగి చెప్పించుకోండి.