హోసూరు పట్టు: గుడ్డు నుంచి గట్టు దాకా

1780లలో టిప్పు సుల్తాన్ బెంగాల్ నుంచి పట్టుపురుగులు తెప్పించే నాటికి హోసూరు సీమ మైసూరు రాజ్యంలోనే ఉంది. 1792 సంధితో కృష్ణగిరి ఉన్న బారామహల్ కుంపెనీ పరమైంది. 1799లో టిప్పు పతనంతో హోసూరు కూడా చేయి మారింది. దొరలు మారినా ఈ సీమ చలువ, నేల మైసూరు వైపువే. నేడు తమిళనాడులో పట్టుగూళ్లకు పేరున్న జిల్లాల్లో కృష్ణగిరి ఒకటి.

బడిలో జీవశాస్త్రం కణంతో మొదలై ఆవరణ వ్యవస్థ దాకా సాగుతుంది. పట్టు పరిశ్రమ లోకం నేర్చుకున్న వరుసా దాదాపు అదే.

మొదటి పాఠం రోగం నేర్పింది. పందొమ్మిదో శతాబ్దం నడుమ పెబ్రిన్ తెగులు ఫ్రాన్సు పట్టు రైతులను కుప్పకూల్చింది. 1865లో ఆలెస్ పట్టణానికి వెళ్లిన లూయీ పాశ్చర్ ఐదేళ్లు దాని మీదే పనిచేశాడు. రోగకారకం నొసీమా బాంబైసిస్ అనే ఏకకణ పరాన్నజీవి. తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది. పాశ్చర్ చూపిన దారి ఇది: గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి, ఆ రసాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి, మెరిసే సిద్ధబీజాలు కనబడితే ఆ గుడ్లను కాల్చేయాలి. గుడ్ల కేంద్రాల్లో ఈ పని నేటికీ సాగుతోంది. రైతు డీఎఫ్‌ఎల్ (రోగం లేని గుడ్ల గుంపు) అని లెక్కపెట్టి కొనే గుడ్లు ఆ పరీక్ష దాటి వచ్చినవే.

పురుగు ఒళ్లు కూడా అంతే ఆశ్చర్యం గొలుపుతుంది. నాలుగు జ్వరాలు, అంటే నాలుగుసార్లు పొర విడవడం, దాటే పాతిక రోజుల్లో అది సుమారు పదివేల రెట్లు బరువెక్కుతుంది. పట్టుగ్రంథిలో కణాల సంఖ్య పిండదశలోనే తేలిపోతుంది. ఆపైన అవి విడిపోకుండానే డీఎన్‌ఏను పదేపదే రెట్టింపు చేసుకుంటూ పెరుగుతాయి. చివరికి ఒక్కో కణంలో దానికి లక్షల ప్రతులుంటాయి. కొద్ది రోజుల్లోనే అంత దారం పోయగలగడం వెనుక ఉన్నది ఇదే.

తర్వాత వంతు వంశపారంపర్యానిది. మెండెల్ బఠాణీల్లో చూసిన సూత్రాలు పట్టుపురుగుకూ వర్తిస్తాయని 1906లో జపాన్ శాస్త్రవేత్త తోయామా కామెటారో చూపాడు. మన వైపు మైసూరు రకం మొండిది, ఎండకు ఓర్చుకుంటుంది, కానీ దారం పొట్టి. ఏడాదికి రెండు తరాలిచ్చే బైవోల్టిన్ రకాలది పొడవాటి దారం, సున్నితమైన ప్రాణం. రెండింటినీ కలిపిన క్రాస్‌బ్రీడ్ దక్షిణాది రైతుకు అన్నం పెట్టింది. అయితే సంకరం పిల్లల్లో ఆ గుణాలు తరతరాలూ నిలవవు. ప్రతి పంటకూ గుడ్లు కొత్తగా కొనాల్సిందే. అందుకే తాతల నాటి రకాలు బతికుండాలి. 1990ల తొలినాళ్లలో కేంద్ర పట్టు మండలి హోసూరులో నెలకొల్పిన జన్యువనరుల కేంద్రం వెయ్యికి పైగా మల్బరీ రకాలను, వందలాది పట్టుపురుగు రకాలను కాపాడుతోంది. ఈ ఊరికి అంతకన్నా విలువైన ఆస్తి మరొకటి లేదనిపిస్తుంది.

ఆవరణ వ్యవస్థ పాఠం ఆఖరున వచ్చింది. 1980లో ఊజీ ఈగ కర్ణాటకలోకి చొరబడి, పొరుగు రాష్ట్రాలకూ పాకింది. అది పట్టుపురుగు మీద గుడ్డు పెడుతుంది. ఈగ పిల్ల ఆ పట్టుపురుగు ఒంట్లోకి తొలుచుకుపోతుంది. షెడ్డులో విషం చల్లితే పట్టుపురుగే ముందు చస్తుంది. కాబట్టి కిటికీలకు వలలు కట్టారు. ఈగ ప్యూపాల్లో గుడ్లు పెట్టే నెసోలింక్స్ థైమస్ అనే చిన్న కందిరీగను పెంచి వదిలారు.

మందు బెడద గోడ బయట కూడా ఉంది. హోసూరు చుట్టూ గులాబీ, టమాటా, క్యాబేజీ తోటలున్నాయి. పక్క చేనులో కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగులు చస్తాయి. మల్బరీ రైతు గట్టు అవతలి వాళ్లను మందు కొట్టే రోజు అడిగి తెలుసుకుని, ఆకు కోతను అందుకు తగ్గట్టు జరుపుకోవాలి.